అకస్మాత్తుగా చనిపోయిన పశువును కోయరాదు: ఆంత్రాక్స్ వ్యాధిపై అవగాహన

పశువులకు, వన్యమృగాలకు, మనుషులకు ఉమ్మడిగా సోకే బ్యాక్టీరియా వ్యాధులలో ఆంత్రాక్స్ ముఖ్యమైనది. మన పల్లెలలో దీనిని దొమ్మ రోగమని వ్యవహరిస్తారు. 2001లో అమెరికాలో ఉత్తరాల ద్వారా పంపిన ఆంత్రాక్స్ పొడి వల్ల 22 మందికి వ్యాధి సోకి, ఐదుగురు మరణించారు. నాటి నుండి ఈ పేరు వినగానే చాలామందికి జీవాయుధమే స్ఫురిస్తున్నది. మన గొర్రెల కాపరికి, పాడి రైతుకు, గిరిజన కుటుంబానికి ఎదురయ్యే ఆంత్రాక్స్ మాత్రం వేరు. అది నేలలో దాగి ఉండి, మేతతో పశువులోనికి ప్రవేశించి, ఆ పశువు చనిపోయిన పిదప దానిని కోసిన వారికి, మాంసం తిన్నవారికి సోకుతుంది. అకస్మాత్తుగా చనిపోయిన పశువును కోయకుండా ఉన్నట్లయితే మన గ్రామాలలో మనుషులకు సోకే ఆంత్రాక్స్‌ను చాలావరకు నివారించవచ్చు.

వ్యాధి కారకం

ఈ వ్యాధికి బాసిల్లస్ ఆంత్రాసిస్ అనే బ్యాక్టీరియా కారణం. జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ 1876లో దీని జీవితచక్రాన్ని నిరూపించారు. ఒక ప్రత్యేక సూక్ష్మజీవి ఒక ప్రత్యేక వ్యాధిని కలిగిస్తుందని తొలిసారిగా రుజువైన సందర్భాలలో ఇది ఒకటి.

పశువు శరీరంలో ఉన్నంతవరకు ఈ క్రిమి బలహీనమైనదే. కళేబరాన్ని కోయకుండా విడిచినట్లయితే, లోపల కుళ్లు ప్రారంభమై కొద్ది రోజులలో అది నశిస్తుంది. రక్తం బయటకు వచ్చి గాలి తగిలినప్పుడు మాత్రం ఈ క్రిమి గట్టి కవచం గల సిద్ధబీజంగా, అనగా స్పోరుగా మారుతుంది. ఎండ, వాన, చలి వేటికీ తట్టుకుని స్పోర్లు దశాబ్దాల పాటు నేలలో నిలిచి ఉండగలవు. బ్రిటన్ ప్రభుత్వం 1942లో స్కాట్లాండ్ తీరాన ఉన్న గ్రూనార్డ్ దీవిలో ఆంత్రాక్స్ ప్రయోగాలు నిర్వహించింది. 1986లో ఆ నేలను ఫార్మాల్డిహైడ్ కలిపిన సముద్రపు నీటితో శుద్ధి చేయవలసి వచ్చింది. ఆ దీవి సురక్షితమని 1990లో గాని ప్రకటించలేకపోయారు.

ఒక పశువును కోసినందువల్ల ఆ నాటి ప్రమాదం మాత్రమే గాక, ఆ స్థలం ఎన్నో ఏండ్ల పాటు వ్యాధికి నెలవయ్యే ప్రమాదం కూడా ఏర్పడుతుంది.

పశువులలో లక్షణాలు

ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకలు ఈ వ్యాధికి సులభంగా లోనవుతాయి. కరవు తరువాత తొలి వానలు కురిసే కాలంలో ముప్పు అధికం. వేసవిలో గడ్డి మొదలంటా మేసేటప్పుడు మట్టితో పాటు స్పోర్లు నోటిలోనికి పోతాయి. ఎండుగడ్డి మొనల వల్ల నోటిలో ఏర్పడే గాయాలు వాటికి దారి ఇస్తాయి. వరద నీరు స్పోర్లను ఒకచోటి నుండి మరొకచోటికి చేరవేస్తుంది.

అనేక సందర్భాలలో వ్యాధి లక్షణాలు కనిపించక ముందే పశువు చనిపోతుంది. మరికొన్నింటిలో తీవ్రమైన జ్వరం, వణుకు, ఆయాసం కనిపిస్తాయి. చనిపోయిన పిదప ముక్కు, నోరు, మలద్వారం నుండి గడ్డకట్టని నల్లని రక్తం కారవచ్చు. కళేబరం త్వరగా ఉబ్బుతుంది, బిగుసుకుపోదు. ఈ గుర్తులు అన్ని సందర్భాలలోనూ కనిపించవు. గొర్రెలు హఠాత్తుగా చనిపోయినప్పుడు చిటుక రోగమని, ఆవు చనిపోతే పాము కాటు అని భావించి కోయడం పరిపాటి. కారణం తెలియని ప్రతి ఆకస్మిక మరణాన్ని, పరీక్షలో తేలేవరకు, ఆంత్రాక్స్‌గా అనుమానించడమే క్షేమం.

అడవికి, ఊరికి మధ్య

వ్యాధికి అడవి, ఊరు అనే హద్దు లేదు. నమీబియాలోని బ్వాబ్వాటా జాతీయ పార్కులో 2017 అక్టోబరులో వందకు పైగా నీటిగుర్రాలు మరణించగా, ఆంత్రాక్స్ కారణంగా భావించారు. 2023లో జాంబియా దక్షిణ ప్రాంతంలో చనిపోయిన మూడు నీటిగుర్రాల మాంసం తిన్నవారికి పుండ్లు రావడంతో వ్యాధి వెలుగులోనికి వచ్చింది. ఆ సంవత్సరం నవంబరు 20 నాటికి ఆ దేశంలో 684 అనుమానిత కేసులు, నాలుగు మరణాలు నమోదైనట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపింది.

మన పొరుగున కేరళలోని అతిరప్పిళ్లి అటవీ ప్రాంతంలో 2022 జూన్‌లో అడవిపందుల మరణాలకు ఆంత్రాక్స్ కారణమని తేలింది. కళేబరాలను పూడ్చిన వారిని అధికారులు పరిశీలనలో ఉంచి, నివారణ మందులు ఇచ్చి, పరిసరాలలోని పశువులకు టీకాలు వేయించారు. అడవిలో మేసే మందలు, అడవి జంతువులు ఒకే గడ్డిని, ఒకే కుంటను పంచుకునే ప్రాంతాలన్నింటికీ ఇది వర్తిస్తుంది. అడవిలో చనిపోయి కనిపించిన జంతువును గురించి అటవీ సిబ్బంది పశుసంవర్ధక శాఖకు, ఆరోగ్య శాఖకు ఒకేసారి తెలియజేయవలసి ఉంటుంది.

తెలుగు ప్రాంతాలలో

విశాఖ మన్యంలో, అనగా 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లా ప్రాంతంలో, చనిపోయిన పశువుల మాంసాన్ని కోసి పంచుకున్న గ్రామాలలో చర్మ ఆంత్రాక్స్ పలుమార్లు బయటపడింది. తెలంగాణలో వరంగల్ జిల్లా దుగ్గొండి మండలం చాపలబండ గ్రామంలో 2021 అక్టోబరులో గొర్రెల మరణాలకు ఇదే వ్యాధి కారణమని గుర్తించారు. ఒకసారి వ్యాధి కనిపించిన గ్రామంలో ఎన్నేండ్ల తరువాతనైనా అది మరల తలెత్తవచ్చు.

మనుషులలో వ్యాధి

మనుషులకు సోకే ఆంత్రాక్స్‌లో 95 శాతానికి పైగా చర్మానికి సంబంధించినదే. కోసేటప్పుడు, తోలు తీసేటప్పుడు చేతి మీది చిన్న గాయం ద్వారా క్రిమి ప్రవేశిస్తుంది. సాధారణంగా ఒకటి నుండి ఏడు రోజులలో దురదతో కూడిన చిన్న పొక్కు లేచి, నీటి బొబ్బగా మారి, నడుమ నల్లని పక్కు కడుతుంది. చుట్టూ వాపు ఉన్నప్పటికీ నొప్పి ఉండదు. నొప్పి లేనందువల్లనే చాలామంది ఆసుపత్రికి వెళ్లరు. చికిత్స లేనిచో ఇటువంటి వారిలో 20 శాతం వరకు మరణించే అవకాశమున్నది. సకాలంలో పెన్సిలిన్, డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులు వైద్యుని సలహాపై వాడినచో మరణాలు ఒక శాతానికి లోపే ఉంటాయి.

మాంసం తినడం వల్ల వచ్చే ఉదర ఆంత్రాక్స్, స్పోర్లను పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల ఆంత్రాక్స్ ఇంతకంటే ప్రమాదకరమైనవి. బాగా ఉడికించినచో మాంసం సురక్షితమని భావించరాదు. స్పోర్లు మామూలు వంట వేడిని తట్టుకోగలవు. అదియును గాక, మాంసం పొయ్యి మీదికి చేరక ముందే కోసినవారి చేతులకు ప్రమాదం వాటిల్లుతుంది. ఈ వ్యాధి సాధారణంగా మనిషి నుండి మనిషికి వ్యాపించదు. కావున రోగిని వెలివేయవలసిన అవసరం ఎంతమాత్రం లేదు.

పేదరికమే అసలు సమస్య

ప్రమాదమని తెలిసినా పశువును ఎందుకు కోస్తున్నారన్న ప్రశ్నకు సమాధానం అజ్ఞానం ఒక్కటే కాదు. గొర్రె చనిపోయినప్పుడు కాపరి పెట్టుబడి పోతుంది. మాంసం అమ్మితే వచ్చే కొద్దిపాటి సొమ్మే అతనికి మిగులు. మాంసం అరుదుగా దొరికే గిరిజన గూడేలలో చనిపోయిన పశువును పూడ్చిపెట్టమనడం, ఆకలిగొన్నవారి ముందున్న ఆహారాన్ని పారవేయమనడమే. ఈ వాస్తవాన్ని గుర్తించకుండా చేసే ప్రచారం ఫలించదు.

బీమా విషయంలోనూ ఒక చిక్కు ఉన్నది. పరిహారానికి సాధారణంగా పోస్టుమార్టం నివేదిక అడుగుతారు. ఆంత్రాక్స్ అనుమానమున్నప్పుడు పోస్టుమార్టం చేయరాదు. అటువంటి సందర్భాలలో పశువైద్యుని ధ్రువపత్రం, రక్తపు పూత పరీక్ష నివేదిక ఆధారంగా పరిహారం చెల్లించేలా బీమా సంస్థలతో జిల్లా అధికారులు ముందుగానే మాట్లాడి ఉంచడం అవసరం. లేనిచో నిబంధనే రైతు చేతికి కత్తి ఇచ్చినట్లవుతుంది.

పశువు చనిపోయినప్పుడు చేయవలసినవి

- కళేబరాన్ని కోయరాదు, తోలు తీయరాదు, ఈడ్చుకుపోరాదు. కుక్కలు, కాకులు, పిల్లలు దరిచేరకుండా కాపలా ఉంచవలెను.
- గ్రామ పంచాయతీకి, సమీప పశువైద్యశాలకు వెంటనే తెలియజేయవలెను. సంచార పశువైద్య వాహనాల 1962 నంబరుకు కూడా ఫోన్ చేయవచ్చును.
- పశువైద్యులు చెవి నుండి కొద్దిపాటి రక్తం మాత్రమే తీసి పరీక్షిస్తారు. బీమా ట్యాగును కూడా వారే తీయవలెను.
- కళేబరాన్ని పూర్తిగా దహనం చేయడం మేలు. వీలుకానిచో చెరువులకు, బావులకు దూరంగా కనీసం ఆరు అడుగుల లోతున పూడ్చవలెను. పైన సున్నం చల్లినంత మాత్రాన స్పోర్లు నశించవు.
- రక్తం పడిన మట్టిని, గడ్డిని కూడా కళేబరంతో పాటే దహనం చేయవలెను లేదా పూడ్చవలెను.
- కళేబరాన్ని తాకినవారు సబ్బుతో చేతులు కడుగుకొని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోవలెను.

టీకాయే రక్షణ

లూయీ పాశ్చర్ 1881లో ఫ్రాన్స్‌లోని పూయీ లె ఫోర్‌లో బహిరంగ ప్రయోగం ద్వారా ఆంత్రాక్స్ టీకా ఫలితాన్ని లోకానికి చూపారు. నేడు పశువులకు వాడే టీకా దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ 1930లలో రూపొందించిన రకం. దీని రక్షణ సుమారు ఒక సంవత్సరం ఉంటుంది. కావున వ్యాధి చరిత్ర గల గ్రామాలలో ఏటా, వ్యాధి కాలానికి ముందే వేయించవలెను. ఇది సజీవ స్పోర్ల టీకా అయినందున, అదే సమయంలో పశువుకు యాంటీబయోటిక్ మందులు ఇచ్చినచో టీకా ఫలించదు.

టీకా మానివేసినచో ఏమగునో రష్యాలోని యమల్ ద్వీపకల్పం తెలిపింది. అక్కడ 1941 తరువాత వ్యాధి కనిపించనందున 2007లో ధృవపు జింకలకు టీకాలు నిలిపివేశారు. 2016 వేసవిలో అసాధారణమైన వేడికి గడ్డకట్టిన నేల కరిగింది. రెండు వేలకు పైగా జింకలు, 12 ఏండ్ల బాలుడు మరణించారు. ఆ పిదప టీకాలను పునరుద్ధరించారు.

అధికారులకు, పాత్రికేయులకు

జంతువులలో అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం, 2009 ప్రకారం ఆంత్రాక్స్ షెడ్యూలు వ్యాధి. అనుమానం కలిగిన వెంటనే తెలియజేయడం యజమానికి, పంచాయతీకి విధి. వ్యాధితో చనిపోయిన పశువును చెరువులో గాని, కాలువలో గాని వేయడం నిషిద్ధం. పశుసంవర్ధక, ఆరోగ్య, అటవీ, పంచాయతీరాజ్ శాఖలలో ఏ ఒక్కదానికి సమాచారం అందినా మిగిలిన మూడింటికి అదే రోజు చేరవలెను. వ్యాధి బయటపడిన స్థలాల రికార్డును మండల స్థాయిలో భద్రపరచినచో, అధికారులు బదిలీ అయినా ఆ జ్ఞాపకం నిలుస్తుంది.

పాత్రికేయులు వార్తలలో గ్రామం పేరుతో పాటు నివారణ మార్గాన్ని కూడా తెలియజేయవలసినదిగా విజ్ఞప్తి. భయం పెంచే వార్త వల్ల గ్రామస్థులు మరణాలను దాచిపెడతారు. సమాచారమిచ్చిన కాపరికి నష్టం కలుగదన్న నమ్మకం కలిగినప్పుడే తదుపరి మరణం సకాలంలో వెలుగులోనికి వస్తుంది.