జింకలు ఎందుకు చిక్కిపోయాయి?

మేత ఎదుట ఉన్నా జింక ఎందుకు చిక్కిపోతుందో చెప్పగలరా? 1967లో అమెరికాలోని కొలరాడోలో, పరిశోధన కోసం పెంచుతున్న మ్యూల్ జింకలు ఇలాగే శల్యమై, చొంగ కారుస్తూ చనిపోసాగాయి. మేతలో లోపమేమో అనుకున్నారు. 1970ల చివర్లో ఎలిజబెత్ విలియమ్స్ అనే పశువైద్యురాలు వాటి మెదడును సూక్ష్మదర్శినిలో పరీక్షించారు. స్పాంజిలోలాగా అన్నీ రంధ్రాలే!

దీనికి కారణం బాక్టీరియా కాదు, వైరసూ కాదు. ప్రియాన్ అనే వంకర తిరిగిన ప్రోటీన్. పక్కనున్న మంచి ప్రోటీన్‌ను కూడా అది తనలాగే వంకర చేస్తుంది. ఉడకబెట్టినా చావదు. అసలు ప్రాణముంటే కదా చావటానికి! లాలాజలం, మూత్రం, పెంటికల ద్వారా మట్టిలో చేరి ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. మనుషులకు సోకినట్లు ఇంతవరకు రుజువు కాలేదు.

మరి ఇందులో మనిషి పాత్ర ఏమిటంటారా? కెనడా నుంచి కొనుక్కున్న ఎల్క్ జింకలతోపాటే ఈ జబ్బు దక్షిణ కొరియాకు వెళ్లింది. 2016లో నార్వేలోని నోర్డ్‌ఫ్యెల్లా కొండల్లో అడవి రెయిన్‌డీర్‌కు కనబడింది. అక్కడ గొర్రెల కోసం రైతులు పెట్టిన ఉప్పుగడ్డల దగ్గర రెయిన్‌డీర్లూ గుమిగూడేవి. ఒకటి నాకిన చోటే ఇంకొకటి నాకేది. జబ్బు అక్కడితో ఆగాలని 2018 నాటికి ఆ మందనంతా, రెండు వేలకు పైగా జంతువులను, చంపేశారు. పరీక్షల్లో జబ్బు ఉన్నట్లు తేలినవి 19.