టైరు మీద నాలుగంకెలు

బ్రెడ్డు ప్యాకెట్టు కొంటే తారీఖు చూస్తాం. గ్యాసు సిలిండరు దింపితే దాని మెడ దగ్గర అక్షరం, అంకె చూస్తాం. 'బి-27' అని ఉంటే 2027 ఏప్రిల్, జూన్ మధ్య దానికి మళ్లీ పరీక్ష చేయించాలని అర్థం. ఇది మనలో చాలామందికి తెలిసిందే. ఇన్నిటికి తారీఖులు చూసే నేను, పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే బండి టైరుకీ ఒక తారీఖుంటుందని ముప్ఫై ఎనిమిదేళ్లు వచ్చేదాకా తెలుసుకోలేదు.

మాది 2014లో మావయ్యగారు కొన్న బొలేరో. కోనసీమలో మా ఊరి నుంచి అమలాపురం వెళ్లాలంటే చాలా దూరం కాలువ గట్టు మీదే ప్రయాణం. 2025 ఆగస్టులో ఓ సాయంత్రం పెళ్లి చూసుకుని వస్తున్నాం. నడుపుతున్నది నేనే. సన్నగా జల్లు పడుతోంది. గేదె దూడ ఒకటి అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాను. తడి బండ మీద సబ్బు ముక్కలా బండి పక్కకి జారిపోయి, కాలువ అంచున ఆగింది. ముందు చక్రానికీ నీళ్లకీ మధ్య మూరెడు గట్టు మిగిలింది. వెనక సీట్లో అత్తయ్యగారు, ఆవిడ ఒళ్లో మా చిన్నది. కాసేపు ఎవ్వరం మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక మాత్రం అందరూ మాట్లాడారు. "వానలో ఆడవాళ్లు బండి తీయడమేంటమ్మా" అన్నారు చిన్నమావయ్యగారు. మావారు ఏమీ అనలేదుగానీ తాళం తీసి బీరువాలో పెట్టేశారు. అనడం కన్నా అదే ఎక్కువ బాధనిపించింది.

మెకానిక్కు చూసి బ్రేకులు బాగానే ఉన్నాయన్నాడు. టైర్ల గీతలు ఇంకా సగం లోతున్నాయి. గాడి అడుగున చిన్న చిన్న దిమ్మెలుంటాయి, రబ్బరు వాటితో సమానమయ్యేదాకా అరిగితే 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు, ఇక మార్చేయాలి. మావి అంతదాకా రాలేదు. ఇక తప్పెవరిది? నాదే అని తేలిపోయింది.

నాలుగు రోజుల తర్వాత పంక్చర్లేసే పెద్దాయన మా ఇంటికి వేరే పని మీద వచ్చి, బండి పక్కన కూచుని టైరుని గోటితో నొక్కి చూశాడు. "రబ్బరు చచ్చిపోయిందమ్మా, రాయైపోయింది" అన్నాడు. గాళ్ల అడుగున వెంట్రుకవాసి పగుళ్లు చూపించాడు. తర్వాత టైరు పక్కగోడ మీద కోడిగుడ్డు ఆకారపు గీతలో ఉన్న నాలుగంకెలు చూపించాడు: 3814. అంటే 2014లో 38వ వారంలో తయారైందని. మా బండి ఎక్కువ తిరగదు, ఎండలో నిలబడే ఉంటుంది. తిరక్కపోతే గీతలు అరగవు, కానీ రబ్బరు ముసలిదవక మానదు. గట్టిపడ్డ రబ్బరు తడి రోడ్డుని పట్టుకోదు. అయిదేళ్లు దాటాక ఏటా చూపించుకోమనీ, పదేళ్లయితే బాగున్నా తీసెయ్యమనీ టైర్ల కంపెనీలే చెప్తాయి. మావి పదకొండో ఏట్లో ఉన్నాయి. (ఈ అంకెలు టైరుకి ఒకవైపే ఉండొచ్చు. బయట కనిపించకపోతే లోపలివైపు వంగి చూడాలి.)

చికాగోలో ఉన్న మా అక్క ఫోనులో, "ఆల్ సీజన్ టైర్లు వేయించవే" అంది. అక్కడ చలి ఏడు డిగ్రీల కన్నా దిగితే మామూలు టైరు బిగుసుకుపోతుందట, అందుకని కొందరు చలికాలానికి వేరే టైర్లు మారుస్తారు. ఏడాది పొడుగునా ఒకటే చాలనుకునేవాళ్లకి ఆల్ సీజనుట. మంచే పడని మనకి ఆ బెంగ లేదు. మనం ఎంచుకోవాల్సింది రోడ్డు టైరా, బురద టైరా అన్నది. లావు దిమ్మెలున్న బురద టైరు చూడ్డానికి దర్జాగా ఉంటుంది, తారు రోడ్డు మీద మోత ఎక్కువ. మేం పొలంలోకి దిగేది ఏడాదికి రెండుసార్లు. వాన నీళ్లు బయటికి పోయే లోతైన గాళ్లున్న రోడ్డు టైరే నయమనుకున్నా.

సైజు 215/75 ఆర్ 15. వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 75 శాతం, చక్రం 15 అంగుళాలు. పక్కన 100 ఎస్ అనుంటే ఒక్కో టైరు 800 కిలోలు మోస్తుందనీ, గంటకి 180 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుందనీ. ఇంకా లావువి వేయిద్దామని మా పెద్దాడు గొడవ చేశాడు. మోచేతి దాకా గాజులు కొన్నట్టుంటుంది, వద్దన్నా.

మొదట వెళ్లిన షాపులో చవగ్గా ఇస్తామన్నారు. వంగి అంకెలు చూస్తే మూడేళ్లు దాటిన సరుకు. "వాడని టైరు పాతదెలా అవుతుందండీ?" అని ఆయన మావారిని అడిగాడు, నన్ను కాదు. బయటికొచ్చేశాం. "ఇప్పటికి రెండు మారుద్దాం" అన్నారు మావారు. నాలుగూ ఒక ఈడువే అయినప్పుడు రెండు మార్చి ఏం లాభం? ఒకవేళ రెండే మార్చాల్సివస్తే కొత్తవి వెనక్కే వేయించాలి, ముందుకి కాదు. తడిలో వెనక చక్రాలు జారితే బండి గిర్రున తిరిగిపోతుంది. ఆ రోజు గట్టు మీద నేను చూసింది అదే.

2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. అది చూసుకుని, దసరా ముందు రెండో షాపులో ఆ ఏడు తయారైనవే నాలుగూ వేయించాం. బ్యాలెన్సింగు, ఎలైన్‌మెంటు కలిపి పాతిక వేలు దాటింది. నా కథల పుస్తకం అచ్చు కోసం దాచుకున్న చీటీ డబ్బులవి. పుస్తకం ఇంకో ఏడు ఆగుతుంది. గాలి ఎంత కొట్టించాలో టైరు మీద చూడకండి, అక్కడ రాసేది గరిష్ఠ హద్దు. బండితో ఇచ్చిన పుస్తకంలోనో తలుపు పక్క స్టిక్కరు మీదో ఉన్నదే లెక్క, అదీ టైర్లు చల్లగా ఉన్నప్పుడు.

తాళం మళ్లీ నా దగ్గరికొచ్చింది. కొత్త టైర్లు మొదట్లో కాస్త జారుతాయంటే, రెండు మూడు వందల కిలోమీటర్లు మెల్లిగానే నడిపాను. మొదటి వానకి అత్తయ్యగారే "నువ్వే తియ్యి" అని వెనక ఎక్కి కూచున్నారు. వెనక తలుపుకి వేలాడే స్టెప్నీ మీద మాత్రం ఇంకా 3814 అనే ఉంది. వచ్చే చీటీ పాటలో దాని సంగతి చూడాలి.