గండికోట: కథలూ, చరిత్రా

జమ్మలమడుగు నుంచి పడమరగా పదిహేను కిలోమీటర్లు పోతే గండికోట. మన ప్రొద్దుటూరు, పులివెందుల విద్యార్థుల్లో విహారయాత్రకని అక్కడికి పోనివారు అరుదు. ఎర్రమల కొండల్ని పెన్నానది నిలువునా కోసి గండి పెట్టింది కనుక ఆ పేరు. ఒక పక్క పాతాళం లాంటి లోయ, తక్కిన పక్కల రాతిగోడలు. లోపల మాధవరాయ, రంగనాథ ఆలయాలు, జుమ్మా మసీదు, ధాన్యాగారం, కోనేళ్ళు. అన్నం మూటలు విప్పుకొని, ఫోటోలు తీసుకొని సాయంత్రానికి తిరిగి వస్తాం. ఆ కోట కథ ఏమిటంటే మాత్రం నీళ్ళు నములుతాం.

కోట పుట్టుక దగ్గరే చిక్కుంది. కళ్యాణి చాళుక్యరాజు ఆహవమల్ల సోమేశ్వరుని సామంతుడు కాకరాజు 1123లో దీన్ని కట్టించాడని చాలామంది రాస్తుంటారు. కాని ఆహవమల్లుడు 1068లోనే తుంగభద్రలో మునిగి ప్రాణం విడిచాడు. చనిపోయి 55 ఏళ్ళైన రాజుకు సామంతుడెలా ఉంటాడు? పేరైనా తప్పు కావాలి, సంవత్సరమైనా తప్పు కావాలి. విన్నదాన్ని విన్నట్టు నమ్మకూడదనడానికి ఇదే మొదటి పాఠం.

విజయనగర కాలంలో కోట పెమ్మసాని నాయకుల చేతికి వచ్చింది. కృష్ణదేవరాయల సేనానుల్లో పెమ్మసాని రామలింగనాయుడి పేరు వినని తెలుగువారు తక్కువ. స్కాట్లండులో ఒక్కో పాడుకోటకు ఒక్కో వంశం పేరు అంటుకొని ఉన్నట్టే గండికోటకు పెమ్మసానివారి పేరు అంటుకొంది. తరాల కిందటే తమిళదేశం పోయి స్థిరపడ్డ కొన్ని తెలుగు కుటుంబాలు ఈనాటికీ తమది గండికోట అనే చెప్పుకుంటాయి.

పదిహేడో శతాబ్ది నడుమ గోలకొండ వజీరు మీర్‌జుమ్లా దండెత్తి వచ్చాడు. కోట ఎట్లా పోయిందయ్యా అని పెద్దల్నడిగితే, "ఎట్లా పోయేదేమి, ఇంటిదొంగ ఇచ్చేసినాడు" అంటారు. మంత్రి పొదిలి లింగన్న లంచానికి ఆశపడి చినతిమ్మానాయునికి విషం పెట్టించాడని కథ. గెలిచినవారు కత్తులు కడిగితే నీళ్ళు ఎర్రబడ్డాయని కత్తుల కోనేటి కథ.

1652లో ముత్యాలు, రత్నాలు అమ్ముకోవడానికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ ఇంకో మాట రాశాడు. డచ్చివారి కొలువు విడిచి వచ్చిన ఫ్రెంచి ఫిరంగివాళ్ళ సాయం లేకుంటే కోట లొంగేది కాదట. కాలివేళ్ళ సందున ఉత్తరాలు ఇరికించుకొని జవాబులు చెప్పి రాయిస్తున్న మీర్‌జుమ్లాను ఆయన కళ్ళారా చూశాడు. ఫిరంగులు పోతపోయడానికి గుళ్ళలోని లోహవిగ్రహాలు తెప్పించారనీ, గండికోట గుడి విగ్రహాలు మాత్రం ఎంత చేసినా కరగలేదనీ, మీర్‌జుమ్లా పూజారుల మంత్రతంత్రాలని అనుమానించాడనీ కూడా రాశాడు. చూడండి, చరిత్ర చెప్పవచ్చిన విదేశీయుడు కూడా కథ చెప్పకుండా ఉండలేకపోయాడు!

ద్రోహమా, ఫిరంగులా? రెండూ కావచ్చు. కాని నాకు తోచేది ఒకటుంది. శత్రువు దగ్గర పెద్ద ఫిరంగి ఉన్నందువల్ల ఓడామంటే మనసొప్పుకోదు. మనవాడే మోసం చేశాడంటే వీరుడి పరువు నిలుస్తుంది. కథ జరిగిన దానికి సాక్ష్యం కాకపోయినా, ఓడిన జనం గుండెకోతకు సాక్ష్యమే.

ఈ కథల్లో కొన్నైనా మనదాకా వచ్చాయంటే మెకంజీ కోసం ఊరూరా తిరిగి కైఫీయతులు రాయించిన మన తెలుగు పండితుల చలవ. 1800లో ఈ సీమ కుంపిణీ పాలయ్యాక సాగిన పని అది. ఆ తరువాత బ్రౌన్ దొర వాటిని శుభ్రప్రతులు రాయించి కాపాడాడు.

ఇక ఈనాటి సంగతి. 2020లో గండికోట జలాశయం నిండినప్పుడు తాళ్ళప్రొద్దుటూరు వంటి ఊళ్ళు మునిగాయి. కోట కొండమీద పదిలంగానే ఉంది. దాని కథలు చెప్పుకుంటూ బతికిన జనం మాత్రం తలోదిక్కయ్యారు. రాళ్ళను పురావస్తు శాఖ కాస్తుంది. మాటలను కాచేదెవరు? ఈసారి పోయినప్పుడు గోడమీద పేరు చెక్కే చేత్తో, ఒక అవ్వ చెప్పే కథను నోటుపుస్తకంలో రాసుకొని రండి. వచ్చే యేటి సంచికకు అంతకన్న మంచి వ్యాసం ఉండదు.