వడగాడ్పులు – నగరములు నేర్చుకొనవలసిన లెక్క

వేసవిలో పల్లెకంటె పట్టణము ఎక్కువ వేడిగా నుండుట అందరును ఎరిగినదే. సిమెంటు, తారు, ఇటుక పగలంతయు ఎండను పీల్చుకొని, రాత్రివేళ మెల్లగా విడిచిపెట్టును. చెట్లును చెరువులును తగ్గుటచే, నీరు ఆవిరియగునపుడు కలుగు చల్లదనమును లోపించును. కాని ఈ వేడి అందరిని ఒకే విధముగా బాధింపదు. ఎయిర్ కండిషనరు గలవాడు తలుపు మూసికొని నిద్రించును. రేకుల కప్పు క్రింద నివసించు కూలికి రాత్రియందును ఉపశమనము లేదు.

2010 మే నెలలో అహమదాబాదు నగరమున ఉష్ణోగ్రత 46.8 సెంటిగ్రేడు డిగ్రీలకు చేరెను. ఆ నెలలోని మరణములను ఇతర సంవత్సరముల మే నెలలతో పోల్చి చూడగా, సుమారు 1,340 మంది అధికముగా చనిపోయినట్లు తేలినది. వడదెబ్బ అని వ్రాసిన మరణములను మాత్రమే లెక్కించినచో ఇంత నష్టము కనబడదు. ఏలయన, ఎండవలన గుండె గాని, మూత్రపిండములు గాని దెబ్బతిని మరణించినవారు వేరొక వ్యాధి పేరున నమోదగుదురు.

ఎంత వేడికి మరణములు పెరుగుచున్నవో ఈ లెక్కలు తెలిపెను. వాటి ఆధారముతో నగరపాలక సంస్థ 2013లో ఒక ప్రణాళికను అమలుపరచెను. ఉష్ణోగ్రత 41 డిగ్రీలు దాటునని తెలిసినచో పసుపుపచ్చ, 43 దాటునన్నచో నారింజ, 45 చేరునన్నచో ఎరుపు హెచ్చరిక చేయుదురు. ఆసుపత్రులు ముందుగనే సిద్ధపడును. ఒక ఆసుపత్రిలో, ఎండకు కాగు పైకప్పు క్రిందనున్న పసికందుల వార్డును క్రింది అంతస్తునకు మార్చిరి.

నేడు ఉపగ్రహ చిత్రములను, ఆసుపత్రి లెక్కలను కంప్యూటరునకు ఇచ్చి, ఏ పేటకు ముప్పు ఎక్కువయో ఊహింపవచ్చును. అయితే యంత్రము తనకిచ్చిన లెక్కలనుండియే నేర్చుకొనును. విమానాశ్రయమున నీడలోనుంచిన థర్మామీటరు రేకుల గుడిసెలోని వేడిని చూపదు. ఆసుపత్రికి చేరకయే మరణించినవాడు లెక్కకు రాడు. లెక్కకు రానివాని పేటకు చలివేంద్రమును రాదు.

2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వేయిమందికి మించి వడగాడ్పులకు బలియైరి. వారిలో ఎండలో పనిచేయు కూలీలును, వృద్ధులును పెక్కుమంది. పైకప్పులకు ఎండను త్రిప్పికొట్టు తెల్లపూత వేయుటను ప్రోత్సహించుచు తెలంగాణ ప్రభుత్వము 2023లో ఒక విధానమును ప్రకటించెను. ఆ పూత మొదట ఏ యింటికి చేరవలెనో నిర్ణయించుటకు గుడిసెలలోపల కూడ థర్మామీటర్లు ఉంచవలెను. పనివేళలను గూర్చి కూలీలనే అడుగవలెను. అట్లు సేకరించిన లెక్కయే నగరమునకు న్యాయమును నేర్పగలదు.