పాత బండి కొన్నారా? ఇంజన్ మాట వినండి

కూరగాయలు అమ్మే అక్కలు, పాలు పోసే అక్కలు, బట్టల మూట కట్టుకుని ఊరూరా తిరిగే అక్కలు. వీళ్ళందరికీ ఇప్పుడు బండి కావాలి. ఆటో కోసం ఎదురు చూస్తే సంతకు పొద్దెక్కిపోతుంది. కొత్త బండి కొనాలంటే చేతిలో డబ్బు చాలదు. అందుకని పొదుపు సంఘంలో అప్పు తీసుకుంటారు. పాత బండి కొంటారు.

బండి ఇంటికి వస్తుంది. వారం బాగానే నడుస్తుంది. తర్వాత ఒకరోజు పొద్దున్నే స్టార్ట్ కాదు. లేకపోతే పొగ వస్తుంది. షెడ్డుకు తీసుకుపోతే, "ఇంజన్ పోయిందమ్మా, బోరు చేయాలి" అంటారు. బోరు అంటే వేల రూపాయల ఖర్చు. ఒకవైపు సంఘం కిస్తీ కట్టాలి. ఇంకోవైపు సంత పోయింది.

ఇంజన్ నిజంగా పోయిందా? లేక వంద రూపాయల ప్లగ్గుతో పోయేదా? ఇది తెలియకపోతే నష్టం మనకే. బండి సంగతి మగవాళ్ళకే తెలియాలని ఎక్కడా లేదు. అప్పు మన పేరు మీద ఉంది. బండి సంగతి కూడా మనమే తెలుసుకుందాం.

ఇంజన్ ఎట్లా నడుస్తుంది?

పొయ్యి వెలగాలంటే మూడు కావాలి. కట్టె, గాలి, నిప్పు. ఇంజన్ కూడా ఒక పొయ్యి లాంటిదే. దానికి కట్టె పెట్రోలు. గాలి ఎయిర్ ఫిల్టర్ గుండా వస్తుంది. నిప్పు ప్లగ్గు ఇస్తుంది.

ఇంజన్‌కు నాలుగోది ఒకటి కావాలి. అది నొక్కుడు. సైకిల్ పంపు చూశారు కదా! పంపు మూతిని వేలితో మూసి కొడితే గాలి లోపల బిగుస్తుంది. ఇంజన్‌లో పిస్టన్ కూడా అట్లాగే పైకి వచ్చి, గాలిని, పెట్రోలును కలిపి నొక్కుతుంది. అప్పుడు ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది. మంట ఒక్కసారిగా లేచి పిస్టన్‌ను కిందికి తోస్తుంది. ఆ తోపుతోనే చక్రం తిరుగుతుంది.

పంపులో వాషరు అరిగితే గాలి నిలవదు. ఇంజన్‌లో పిస్టన్ రింగులు అరిగినా అంతే. నొక్కుడు పోతుంది. దీన్నే "బోరుకు వచ్చింది" అంటారు.

పెట్రోలు, గాలి, నిప్పు, నొక్కుడు. ఇంజన్‌కు ఏ జబ్బు వచ్చినా ముందు ఈ నాలుగింటిలో ఏది తక్కువైందో వెతకాలి.

కొనే ముందు ఏం చూడాలి?

బండి చూడడానికి పొద్దున్నే వెళ్ళండి. "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దు" అని ముందే చెప్పండి. వెళ్ళగానే ఇంజన్ దగ్గర చేయి పెట్టి చూడండి. వేడి తగలకపోతేనే ముట్టుకోండి. ఇంజన్ అప్పటికే వేడిగా ఉంటే, వాళ్ళు ముందే స్టార్ట్ చేసి పెట్టారన్న మాట. ఎందుకు? చల్లని ఇంజన్ స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది. వేడి ఇంజన్‌లో ఆ లోపం బయటపడదు.

తాళం వేయకుండా కిక్ రాడ్‌ను నెమ్మదిగా కాలితో నొక్కండి. ఒకచోట గట్టిగా అడ్డం తగలాలి. అడ్డమే లేకుండా జారిపోతే నొక్కుడు తక్కువగా ఉందేమో అని అనుమానించండి.

బండి నిలిపిన చోట నేల చూడండి. నూనె మరకలు ఉంటే ఇంజన్ కారుతోంది. తర్వాత ఆయిల్ పుల్ల తీయించి చూడండి. ఆయిల్ పుల్ల మీద ఉన్న రెండు గీతల మధ్యన ఉండాలి. నల్లగా ఉంటే పాతదైంది, మార్చాలి. అది పెద్ద దోషం కాదు. కాని పాలు కలిపిన టీ లాగా తెల్లబడి ఉంటే, అందులో నీళ్ళు కలిశాయి. మెరిసే ఇనుప పొడి కనిపిస్తే లోపల భాగాలు అరుగుతున్నాయి. ఇట్లాంటి బండి జోలికి పోవద్దు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు విజయవాడలో ఎన్నో బండ్లు నీళ్ళలో మునిగాయి. మునిగిన బండిని కడిగి, రంగు వేస్తే పైకి కొత్తగానే కనిపిస్తుంది. ఆయిల్ పుల్ల, సీటు కింద బురద, వైర్ల తుప్పు అసలు సంగతి చెబుతాయి.

సి బుక్కు అడగండి. దాన్ని ఇప్పుడు ఆర్.సి. అంటున్నారు. అందులో ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు ఉంటాయి. ఆ నంబర్లే బండి మీద కూడా చెక్కి ఉంటాయి. మీకు చదువు వచ్చింది కదా! రెండింటినీ ఒక్కొక్క అంకె సరిచూడండి. ఫైనాన్సు కంపెనీ పేరు ఉంటే, బాకీ తీరినట్టు కాగితం అడగండి. కొన్న 30 రోజుల లోపు రవాణా ఆఫీసులో బండి మీ పేరుకు మార్పించుకోండి.

బండి స్టార్ట్ కాకపోతే

కంగారు పడవద్దు. ఇక కిక్ కొట్టడం ఆపండి. ఒకదాని తర్వాత ఒకటి చూడండి.

1. ట్యాంకులో పెట్రోలు ఉందా? మూత తీసి చూడండి. చీకట్లో అగ్గిపుల్ల గీసి చూడవద్దు. ప్రాణం పోతుంది.

2. పెట్రోలు ట్యాపు ఆన్‌లో ఉందా? పెట్రోలు తక్కువగా ఉంటే రిజర్వుకు తిప్పండి.

3. తాళం ఆన్ అయిందా? హ్యాండిల్ దగ్గర ఎర్ర స్విచ్ ఉంటే, అది ఆఫ్‌లో ఉందేమో చూడండి. పిల్లలు ఆడుకుంటూ నొక్కేస్తారు.

4. చలి పొద్దున చోక్ లాగి కిక్ కొట్టండి. స్టార్ట్ అయి, ఇంజన్ కాస్త వేడెక్కాక చోక్ మళ్ళీ మూయండి. మరిచిపోతే పెట్రోలు వృథా.

ఇవన్నీ సరిగానే ఉన్నా స్టార్ట్ కాలేదా? అప్పుడు ప్లగ్గు విప్పించి చూడాలి. ప్లగ్గు చెప్పినంత నిజం ఇంకేదీ చెప్పదు.

ప్లగ్గు తడిగా, పెట్రోలు వాసనతో ఉందా? అంటే పెట్రోలు వస్తోంది. అంటుకోవడం లేదు. నిప్పు లేదన్న మాట. లేకపోతే కిక్కులు ఎక్కువై పెట్రోలు నిండిపోయింది. ప్లగ్గు తుడిచి బిగించి, చోక్ మూసి, యాక్సిలేటరు పూర్తిగా తిప్పి పట్టుకుని నాలుగు కిక్కులు కొట్టండి. అయినా కాకపోతే కొత్త ప్లగ్గు వేసి చూడాలి. దాని ధర వంద రూపాయలకు అటూ ఇటూ ఉంటుంది.

ప్లగ్గు పొడిగా ఉందా? అంటే పెట్రోలే రావడం లేదు. ట్యాపు దగ్గర గాని, పైపులో గాని, కార్బొరేటర్‌లో గాని చెత్త అడ్డం పడింది. నెలల తరబడి నిలిపిన బండిలో పెట్రోలు జిగురుగా మారుతుంది. కార్బొరేటర్ శుభ్రం చేస్తే సరిపోతుంది.

ఇంజన్ బాగా నడుస్తుంటే ప్లగ్గు కొస లేత గోధుమ రంగులో ఉంటుంది. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. నూనెగా, నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్ మంటలోకి వస్తోంది. మరీ తెల్లగా ఉంటే ఇంజన్ ఎక్కువ వేడెక్కుతోంది.

2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్. 6 నియమం వచ్చింది. అప్పటి నుంచి వచ్చిన బండ్లలో చాలావాటికి కార్బొరేటర్ లేదు. పెట్రోలును కంప్యూటరు కొలిచి పంపుతుంది. ఈ బండ్లలో మీటరు దగ్గర ఇంజన్ బొమ్మ లైటు ఉంటుంది. తాళం వేయగానే వెలుగుతుంది. బండి స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉంది. దాన్ని మిషను పెట్టి చూసే చోటికి తీసుకుపోవాలి.

పొగ రంగు చూడండి

తెల్ల పొగ: చలి పొద్దున కాసేపు వచ్చి పోతే భయం లేదు. అది నీటి ఆవిరి.

నల్ల పొగ: పెట్రోలు ఎక్కువగా మండుతోంది. చోక్ తెరిచి ఉందేమో చూడండి. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి ఉండవచ్చు. ఇది చిన్న ఖర్చు.

నీలం పొగ: ఇంజన్ ఆయిల్ మండుతోంది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే కాస్త వచ్చి ఆగితే, వాల్వు సీళ్ళు పాడై ఉండవచ్చు. ఎక్కు దారిలో, బరువుతో పోతున్నప్పుడు ఎడతెగకుండా వస్తే, రింగులు అరిగాయి. ఇదే పెద్ద ఖర్చు.

ఒక సంగతి గుర్తుంచుకోండి. టీవీఎస్ ఎక్సెల్ సూపర్ లాంటి పాత మోపెడ్లు టూ స్ట్రోక్ బండ్లు. వాటిలో పెట్రోలుతో పాటు ఆయిల్ కలిపి పోస్తారు. కాబట్టి కాస్త పొగ మామూలే. ఎక్సెల్ 100 ఫోర్ స్ట్రోక్ బండి. దాని పెట్రోలులో ఆయిల్ కలపకూడదు. మీది ఏ రకమో ముందే తెలుసుకోండి.

చప్పుడు వినండి

బండిని నిలిపి స్టార్ట్ చేసి, ఒక పక్కన నిలబడి వినండి. పై భాగంలో సన్నగా "టిక్ టిక్" అంటే ట్యాపెట్లు వదులయ్యాయి. సరిచేయడం చిన్న పని. పక్క నుంచి "కరకర" అంటే టైమింగ్ చైను వదులైంది. అడుగు నుంచి "టక్ టక్" అని బరువైన దెబ్బ లాగా వినిపించి, యాక్సిలేటరు ఇస్తే పెరిగితే, కనెక్టింగ్ రాడ్ బేరింగు పోయి ఉండవచ్చు. అప్పుడు బండి నడపవద్దు. నడిపితే ఖర్చు రెండింతలు.

దారిలో ఆగినా, లాగకపోయినా

కొంత దూరం పోయి ఆగుతుంది. కాసేపు ఉంటే మళ్ళీ నడుస్తుంది. ఇట్లా జరిగితే ట్యాంకు మూత తీసి చూడండి. "సుయ్" మని గాలి లోపలికి పోయి, బండి వెంటనే స్టార్ట్ అయితే, మూతలో గాలి రంధ్రం మూసుకుపోయింది. దాన్ని శుభ్రం చేస్తే చాలు. దీనికి ఇంజన్ విప్పనక్కర లేదు.

ఇంజన్ రొద పెరుగుతుంది, బండి మాత్రం ముందుకు లాగదు. అయితే క్లచ్ ప్లేట్లు అరిగి ఉండవచ్చు. ముందు క్లచ్ తీగ మరీ బిగువుగా ఉందేమో చూపించండి. బండి స్టాండు వేసి వెనక చక్రం చేత్తో తిప్పండి. తేలికగా తిరగకపోతే బ్రేకు పట్టుకుని ఉంది. తప్పు ఇంజన్‌ది కాదు.

మెకానిక్‌తో ఎట్లా మాట్లాడాలి?

"బండి బాగాలేదు, చూడన్నా" అని వదిలేసి రావద్దు. జబ్బు లక్షణాలు డాక్టరుకు చెప్పినట్టు చెప్పండి.

"అన్నా, పొద్దున స్టార్ట్ కావడం లేదు. ప్లగ్గు తీస్తే పొడిగా ఉంది. పొగ లేదు."

"బోరు చేయాలమ్మా."

"పొగ లేదు కదన్నా. ఆయిల్ తగ్గడం లేదు. ముందు కార్బొరేటర్ చూడు. అప్పటికీ కాకపోతే, నొక్కుడు ఎంత ఉందో గేజీ పెట్టి చూపించు."

ఇట్లా అడిగితే మంచి మెకానిక్ సంతోషిస్తాడు. మోసం చేసేవాడు వెనక్కు తగ్గుతాడు. పని మొదలు పెట్టకముందే ఖర్చు కాగితం మీద రాయించుకోండి. మార్చిన పాత సామాను తిరిగి అడిగి తీసుకోండి.

పుస్తకంలో రాసుకోండి

బండికి ఒక చిన్న పుస్తకం పెట్టండి. ఆయిల్ ఎప్పుడు మార్చారో, ఎంత ఖర్చయిందో తేదీ వేసి రాయండి. మైలేజీ లెక్క కూడా వేయండి.

ట్యాంకు నిండా పోయించిన రోజు మీటరు 41,250. మళ్ళీ నింపిన రోజు 41,410. అంటే 160 కిలోమీటర్లు నడిచింది. రెండోసారి పట్టిన పెట్రోలు 4 లీటర్లు. 160ని 4తో భాగిస్తే 40. లీటరుకు 40 కిలోమీటర్లు.

నెల నెలా ఈ అంకె ఒకేలా ఉంటే ఇంజన్ బాగున్నట్టు. ఉన్నట్టుండి తగ్గితే, జబ్బు మొదలైనట్టు. పొగ కంటే ముందే లెక్క చెబుతుంది.

జాగ్రత్తలు

మూసిన గదిలో ఇంజన్ నడపవద్దు. పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది. మనిషిని నిద్రలోనే చంపుతుంది.

నడిచిన బండి సైలెన్సరును పిల్లలు ముట్టుకోకుండా చూడండి.

నీళ్ళలో మునిగిన బండిని కిక్ కొట్టవద్దు. లోపల నీళ్ళుంటే ఇంజన్ విరుగుతుంది. ముందు మెకానిక్ చేత నీళ్ళు తీయించండి.

చీర కొంగు, చున్నీ చక్రంలో పడకుండా దోపుకోండి. చీర గార్డు లేకపోతే పెట్టించండి.

చెప్పండి, చేయండి

1. ఇంజన్ నడవడానికి కావలసిన నాలుగు ఏవి?
2. ప్లగ్గు పొడిగా ఉంటే ఏం అర్థం? తడిగా ఉంటే ఏం అర్థం?
3. ఏ రంగు పొగకు ఎక్కువ భయపడాలి? ఎందుకు?
4. ఒక బండి 3 లీటర్లకు 135 కిలోమీటర్లు నడిచింది. లీటరుకు ఎంత?
5. మీ సంఘంలో ఎవరి దగ్గరైనా బండి ఉంటే సి బుక్కు తెచ్చి, ఇంజన్ నంబరు బండి మీది నంబరుతో సరిచూడండి.