ఒకే రేకు, ఎన్నో రంగులు: కృష్ణారెడ్డి పని

కృష్ణారెడ్డి అంటే మన నెల్లూరు వైపు "ఏ ఊరి కృష్ణారెడ్డి?" అని అడుగుతారు. పారిస్‌లోనో న్యూయార్క్‌లోనో ముద్రణ చిత్రకళ నేర్చుకున్నవాళ్ల దగ్గర ఆ పేరు చెబితే ఇంకేమీ వివరించనక్కర్లేదు. ఆయన 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టారు. అప్పటికి అది మన పొరుగు జిల్లా. 2018లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. ఈ రెండు తేదీల మధ్య ఆయన చేసిన పని ఏమిటో మన భాషలో ఎవరైనా తీరిగ్గా చెప్పాలని నాకు చాలాకాలంగా ఉంది. "పద్మశ్రీ వచ్చింది, విదేశాల్లో స్థిరపడ్డారు" అని రెండు ముక్కలు చెప్పి వదిలేస్తే ఆయన గురించి చెప్పినట్టు కాదు.

మైపాడు దగ్గరో, కోడూరు దగ్గరో అల విరిగేటప్పుడు కాస్త నిదానంగా చూడండి. పైన తెల్లటి నురగ, దాని కింద పచ్చదనం కలిసిన నీలం, ఇంకా కింద ఇసుక కలిసిన బురద రంగు. మూడూ ఒకేసారి, ఒకదానిలోంచి ఒకటి కనిపిస్తాయి. దీన్ని మామూలు పద్ధతిలో రంగుల్లో ముద్రించాలంటే రంగుకో రేకు చెక్కాలి. కాగితాన్ని ఒక్కో రేకు మీద ఒక్కోసారి ప్రెస్సులో నొక్కాలి. వెంట్రుకవాసి జరిగినా బొమ్మ చెడిపోతుంది. అంతా సరిగ్గా కుదిరినా రంగులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టే ఉంటాయి. ఒకే రేకు మీద అన్ని రంగులూ పూసి, ఒకే నొక్కుతో కాగితం మీదికి తేవడం కృష్ణారెడ్డి సాధించిన విద్య.

అది ఎలా సాధ్యమో అర్థం కావాలంటే ముందు రేకును చూడాలి. జింకు రేకు మీద ఉలితో గీస్తారు, ఆమ్లంతో కరిగిస్తారు, గీకుతారు, చెక్కుతారు. పని పూర్తయ్యేసరికి దాని మీద మెట్టలు, పల్లాలు, వాటికీ కింద సన్నటి గాడులు ఏర్పడతాయి. వేలితో తడిమితే తెలుస్తాయి. ఇది శిల్పి చేసే పని. కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చిత్రకళ నేర్చుకున్నా, ఆ తర్వాత లండన్‌లో హెన్రీ మూర్, పారిస్‌లో జాద్కిన్, మిలాన్‌లో మారినో మారినీల దగ్గర నేర్చుకున్నది శిల్పమే. రేకును ఆయన చదునైన పలకలా చూడలేకపోవడానికి కారణం అదేనని నా నమ్మకం.

ఇక సిరా. మొదట ఒక రంగును రేకంతా పూసి గుడ్డతో తుడిచేస్తారు. గాడుల్లోకి దిగినది మాత్రమే మిగులుతుంది. తర్వాత గట్టి రోలరు తీసుకుని, అవిసె నూనె కలిపి బాగా పలచన చేసిన రెండో రంగును దొర్లిస్తారు. గట్టి రోలరు వంగదు కాబట్టి మెట్టల పైభాగాలకే రంగు అంటుతుంది. ఆ తర్వాత మెత్తటి రోలరుతో మూడో రంగు. ఈ సిరా చిక్కగా, జిగటగా ఉంటుంది. మెత్తటి రోలరు పల్లాల్లోకి కూడా దిగి అక్కడ రంగు వేస్తుంది. మరి అది మెట్టల మీదుగా కూడా పోయింది కదా, అక్కడ రెండు రంగులూ కలిసిపోవా?

కలవవు. పనసకాయ కోసేముందు చేతులకు నూనె రాసుకుంటాం. జిగురు చేతికి పట్టదు. ఇక్కడా అంతే. మెట్టల మీద ముందే ఉన్న పలచటి నూనె సిరా, పైనుంచి వచ్చిన జిగట సిరాను అంటనివ్వదు. వరస తిరగేసి జిగట సిరా ముందు వేసి పలచటిది తర్వాత వేస్తే రెండోది మొదటిదాని మీద పట్టేస్తుంది, అక్కడ కొత్త రంగు పుడుతుంది. ఏ సిరాలో ఎంత నూనె, ఏది ముందు, ఏ రోలరు ఎంత మెత్తన, ఎంత బరువుతో నొక్కాలి అన్న లెక్కలన్నీ చేతికి రావాలి. చివరికి తడిపిన కాగితం పరిచి ప్రెస్సులో ఒక్కసారి తిప్పితే గాడుల రంగు, పల్లాల రంగు, మెట్టల రంగు అన్నీ కలిసి వచ్చేస్తాయి.

ఈ కిటుకు ఒక్కరికే తట్టలేదు. పారిస్‌లో స్టాన్లీ విలియం హేటర్ 1927లో మొదలుపెట్టిన 'అతెలియే 17' అనే కార్ఖానాలో, అందరూ ఒకరి పని ఒకరు చూస్తూ చేసే చోట ఇది రూపు కట్టింది. హేటర్ స్వయంగా రసాయన శాస్త్రం చదివినవాడు. బొంబాయి నుంచి వెళ్లిన కైకో మోతీ కృష్ణారెడ్డితో కలిసి ప్రయోగాలు చేశాడు. 1960ల మధ్యకు వచ్చేసరికి కృష్ణారెడ్డి ఆ కార్ఖానాను హేటర్‌తో పాటు నడిపే స్థాయికి చేరారు. జోవాన్ మిరో లాంటి చిత్రకారులు పనిచేసిన చోటు అది.

సాంకేతికత ఎంత గొప్పదైనా దాంతో ఏం చేశారన్నది అసలు ప్రశ్న. 1963 నాటి 'సుడిగుండం' చూడండి. నీటి బొమ్మ అని చెప్పడానికి అందులో ఒడ్డు లేదు, పడవ లేదు. సన్నటి గీతల వల ఒకటి తిరుగుతూ ఉంటుంది, దాని లోపల్నుంచి నీలాలు పైకి వస్తుంటాయి. నీటికి ఉన్న లోతును గీసి చూపించకుండా, రేకులోనే నిజమైన లోతు చెక్కి, ఆ లోతుకే రంగు పట్టించారు. చేప, జెల్లీచేప, అల, మొలక లాంటివి ఆయన మళ్లీ మళ్లీ ఎత్తుకున్న వస్తువులు. 1968లో పారిస్ విద్యార్థులు వీధుల్లోకి వచ్చినప్పుడు 'ప్రదర్శనకారులు' చేశారు. శాంతినికేతన్ రోజుల్లో తానూ క్విట్ ఇండియా ఉద్యమంలో ఉన్న మనిషి కనుక, ఆ గుంపును దూరం నుంచి చూసినవాడిలా చేయలేదు. కూతురితో సర్కస్‌కు వెళ్లిన తర్వాత విదూషకుడి మీద మనసుపడి చేసిన 'గ్రేట్ క్లౌన్' మరో మెట్టు. ఒకే రేకు నుంచి, సిరాల వరస మారుస్తూ ఎన్నో రకాల ముద్రలు తీశారు. ఒకదాంట్లో విదూషకుడు వెలుగుతో మిరుమిట్లు గొలుపుతాడు, మరోదాంట్లో చీకట్లోకి జారిపోతున్నట్టుంటాడు.

1976లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ముద్రణ కళా విభాగానికి అధిపతిగా వెళ్లి, అక్కడే ఉండిపోయారు. నాకు ఆయన మీద గౌరవం రెట్టింపయ్యేది ఇక్కడే. అంత కష్టపడి పట్టుకున్న కిటుకును గుట్టుగా దాచుకోలేదు. దేశదేశాల్లో, మన దేశంలోనూ కార్యశాలలు పెట్టి, అందరి ముందూ రోలరు పట్టి చూపించారు. అలీగఢ్‌లో పుట్టిన జరీనా హష్మీ కూడా 'అతెలియే 17'లో పనిచేసి ఎదిగిన కళాకారిణే. 2016లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం హేటర్, కృష్ణారెడ్డి, జరీనా ముగ్గురి పనినీ కలిపి ఒక ప్రదర్శనగా పెట్టింది.

రేకు చెక్కడం నుంచి సిరా కలపడం దాకా ఈ పద్ధతినంతా ఆయన 1988లో ఇంగ్లిషులో ఒక పుస్తకంగా రాసి అచ్చు వేయించారు. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ బడిలో చదువుకున్న మనిషి రాసిన ఆ పుస్తకాన్ని తెలుగు చేసి, మన డ్రాయింగు మాస్టర్ల చేతికి అందివ్వాలి.