రాతిపై వెండి నాచు

నాచు అనగానే మన ఇళ్ళలో మొదట జ్ఞాపకం వచ్చేది చీపురు, ఆ వెంటనే బ్లీచింగ్ పౌడరు. వర్షాకాలం ప్రవేశించగానే మిద్దె మీద, నీటి తొట్టి చుట్టూ, వుజూ చేసే చోట జారుడు మొదలవుతుంది. ఇంట్లోని పెద్దలు ఎక్కడ జారిపడతారోనన్న భయంతో దాన్ని గీకి కడిగేస్తాము. అది సబబైన పనే. అయితే మనం గీకి పారవేసే దానిలో రెండు వేర్వేరు జీవులున్నాయన్న సంగతి చాలామంది గమనించరు.

జిగురుగా, ఒక రూపమంటూ లేకుండా నేలకు అంటుకుని పరుచుకునేది పాకుడు. అది సూక్ష్మ శైవలాల సమూహం. జారుడుకు ప్రధాన కారణం అదే. రెండవది రాతి పగుళ్ళలోనూ, పిట్టగోడల అంచుల్లోనూ చిన్న చిన్న దిండ్ల వలె గుబురుగా మొలిచేది. దానికి కాండం ఉంటుంది, ఆకులు ఉంటాయి. వృక్షశాస్త్రంలో మాస్ అని పిలిచే మొక్క ఇదే. ఈ మాస్ జాతుల్లో ఒకదానిని అలంకారం కోసం రాతిపై ఎలా పెంచుకోవచ్చో, దాని పోషణలో మేము చేసిన పొరపాటు ఏమిటో ఈ వ్యాసంలో పాఠకులతో పంచుకోదలిచాము.

పాత ఇంటి రాయి

నల్గొండలోని మా పాత ఇంటి పెరట్లో, బావి పక్కన ఒక గరుకు రాతిబండ ఉండేది. మా తాతగారి కాలం నుంచి ఇంటిల్లిపాదీ దానిపై కూర్చునే వుజూ చేసేవారు. మనుషులు కూర్చునే భాగం అరిగి నున్నబడింది కానీ, దాని అంచుల వెంట మాత్రం వెండి జరీ కుట్టినట్లు లేత బూడిద వన్నె నాచు అల్లుకుని ఉండేది. ఆ ఇల్లు పంపకాలలో అమ్ముడుపోయింది. కొన్నవారు దాన్ని పడగొట్టే ముందు, మేము ఆ బండలో నుంచి మోయగలిగినంత ముక్కను అడిగి తెచ్చుకున్నాము. హైదరాబాదులోని మా అపార్టుమెంటుకు ఆ ఇంటి నుంచి వచ్చిన వస్తువు అదొక్కటే.

దాన్ని హాలులో కిటికీ పక్కన ఇత్తడి పళ్ళెంలో అమర్చి, పూటపూటకూ కుళాయి నీళ్ళు చల్లాము. మొదటి రెండు వారాలు నాచు ముదురు ఆకుపచ్చగా మారితే బాగా నాటుకుందని సంతోషించాము. నెల తిరిగేసరికి అది సన్నగా, పొడవుగా సాగి వాలిపోయింది. రాతిపై తెల్లటి ఉప్పు పొర తేలింది. నడుమ నల్లటి మచ్చలు, వాటిపై బూజు కనిపించాయి. ఒక అంచున పిడికెడు మాత్రమే మిగిలింది.

అది చూసిన మా దాదీ ఒకే మాట అన్నారు: "అక్కడ దీనికి ఎవరమ్మా నీళ్ళు పోసింది? ఎండాకాలమంతా ఎండిపోయి పడి ఉండేది. వాన పడితే లేచేది."

ఆమె మాటతో రాయిని బాల్కనీ పిట్టగోడ పక్కకు మార్చి, నీళ్ళు చల్లడం మానివేశాము. తొలకరి వరకూ అది దుమ్ములాగే ఉంది. మొదటి వాన కురిసిన ఉదయం ఆ పిడికెడు నాచు మళ్ళీ పచ్చబడింది. ఆ తర్వాతే మేము ఈ మొక్క స్వభావాన్ని శ్రద్ధగా తెలుసుకున్నాము.

దాని స్వభావం

ఈ మొక్క శాస్త్రీయ నామం బ్రయమ్ అర్జెంటియం. అర్జెంటియం అంటే లాటిన్ భాషలో వెండికి సంబంధించినదని అర్థం. ఆంగ్లంలోనూ దీన్ని సిల్వర్ మాస్ అనే అంటారు. మనం వెండి నాచు అనుకుందాము. ఎత్తు సాధారణంగా ఒక సెంటీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. అంటార్కిటికాతో సహా అన్ని ఖండాలలోనూ ఇది పెరుగుతుంది. నగరాల కాలిబాట రాళ్ళ సందుల్లోనూ, సిమెంటు మిద్దెల మీదనూ మన కాళ్ళ కిందనే ఉంటుంది.

దీనికి నిజమైన వేర్లు లేవు. నూలుపోగుల వంటి సన్నని తంతువులు రాతిని పట్టుకుని ఉండటానికే ప్రధానంగా ఉపయోగపడతాయి. నీటినీ, లవణాలనూ ఇది ఆకుల ద్వారానే నేరుగా పీల్చుకుంటుంది. నడిమి ఈనెను మినహాయిస్తే ఆకు మందం ఒకే ఒక్క కణం. కనుక తడి తగిలిన కొద్ది నిమిషాలలోనే విచ్చుకుంటుంది, గాలి ఆరగానే ముడుచుకుంటుంది. ఎండిన స్థితిలో అది చనిపోలేదు. జీవక్రియలను నిలిపివేసి నిద్రిస్తున్నదంతే.

ఇక ఆ వెండి వన్నె. ఆకు పైకొనలో పత్రహరితం ఉండదు. ఆ పారదర్శకమైన కొనలన్నీ ఒకదానిపై ఒకటి దగ్గరగా చేరి వెలుతురును వెనక్కి పంపడం వల్లనే మొక్క వెండిలా మెరుస్తుంది. ఎండ తగిలి, అప్పుడప్పుడు ఆరిపోయే చోట పెరిగినప్పుడే ఈ మెరుపు నిండుగా వస్తుంది. నీడలో, నిత్యం తడిలో ఉంచితే అది పచ్చగా, పొడవుగా సాగిపోతుంది. మేము బాగా నాటుకుందని సంబరపడిన ఆకుపచ్చదనం నిజానికి దాని ఆరోగ్యానికి గుర్తు కాదన్నమాట.

రాతిపై నాటే పద్ధతి

నున్నగా పాలిష్ చేసిన రాయి గానీ, టైల్ గానీ దీనికి పనికిరాదు. గరుకు గ్రానైటు ముక్క, పాత ఇటుక, నాపరాయి, పెంకు ఏదైనా సరే, కాస్త తడిని పట్టి ఉంచే గుణం ఉండాలి. రాయిని సబ్బు లేకుండా బ్రష్షుతో కడిగి, ఒక రాత్రి నీటిలో నానబెట్టండి.

ఈ మొక్కలలో ఆడ, మగ వేర్వేరు. విత్తనాలు ఉండవు. అయినా చింతించనవసరం లేదు. విరిగిన చిన్న కొమ్మ నుంచి కూడా కొత్త మొక్క పుడుతుంది. ఎండిన నాచును అరచేతుల మధ్య మెల్లగా నలిపి ముక్కలు చేయండి. జల్లించిన సన్నని మట్టిని, ఇసుకను సమంగా కలిపి తడిరాతిపై పలుచని పూతలా పూయండి. దానిపై నాచు ముక్కలను చల్లి అరచేతితో గట్టిగా అదమండి. రాయిని అంటుకోని ముక్క బతకదు.

నాచును పెరుగులోనో మజ్జిగలోనో కలిపి రాతికి పూయమని చెప్పేవారున్నారు. దాని వల్ల బూజు, చీమలు చేరడమే తప్ప మేలు జరగదు. తినే పదార్థాన్ని వృథా చేయడం వేరే.

మొదటి ఆరు వారాలు మాత్రం రాయి ఆరిపోకుండా చూడాలి. ఎండ నేరుగా పడని చోట ఉంచి, పలుచని వలగుడ్డ కప్పి, రోజూ తుంపరగా నీళ్ళు చల్లండి. వర్షాకాలం ఆరంభంలో నాటితే ఈ శ్రమలో చాలా భాగం వానే చూసుకుంటుంది. రెండు మూడు నెలలకు పచ్చని చుక్కలు కనిపిస్తాయి. రాయంతా నిండటానికి ఏడాది లేదా అంతకు మించి పట్టవచ్చు.

నీరు, ఎండ

నాటుకున్న తర్వాత పద్ధతి మారాలి. ఫజ్ర్ నమాజు ముగిసి వెలుగు వచ్చే వేళ ఒక్కసారి పూర్తిగా తడపండి. తర్వాత పూర్తిగా ఆరనివ్వండి. వానలు లేని చలికాలంలో వారానికి ఒకటి రెండు సార్లు చాలు. వానలు పడుతున్నప్పుడు అసలే అవసరం లేదు.

మధ్యాహ్నం వేళ జాలిపడి నాలుగు చుక్కలు చల్లడం మంచిది కాదు. ఎండిన నాచు మేల్కొన్న ప్రతిసారీ దెబ్బతిన్న కణాలను బాగుచేసుకోవడానికి దాచుకున్న శక్తిని ఖర్చు చేస్తుంది. ఆ ఖర్చును వెలుతురులో ఆహారం తయారు చేసుకుని పూడ్చుకోవడానికి కొన్ని గంటల తడి కావాలి. అంతలోపే ఆరిపోతే మిగిలేది నష్టమే. మళ్ళీ మళ్ళీ అలా జరిగితే మొక్క క్షీణిస్తుంది.

నీటి గుణం కూడా ముఖ్యమే. మన బోరు నీటిలో లవణాలు ఎక్కువ. నీరు ఆవిరైనా లవణాలు ఆకులపైనే మిగిలిపోతాయి. పెరట్లో వాన వాటిని కడిగివేసేది. హాలులో ఆ వాన లేదు. మా రాతిపై తేలిన తెల్లటి పొర అదే. వాన నీటిని సీసాలో పట్టి ఉంచుకోవడం ఉత్తమం. లేనిచోట వడపోసిన తాగునీరు వాడవచ్చు. ఆర్ఓ యంత్రం బయటకు వదిలే నీటిలో లవణాలు మరింత చిక్కగా ఉంటాయి గనుక అది పనికిరాదు.

ఉదయపు ఎండ తగిలే తూర్పు బాల్కనీ అనువైన చోటు. మూత ఉన్న గాజు పాత్రలో దీన్ని బంధించవద్దు. ఏప్రిల్, మే నెలలలో నాచు బూడిద రంగుకు తిరిగి పెళుసుబారుతుంది. ఆ సమయంలో దాన్ని తాకకుండా, తడపకుండా వదిలివేయండి. ఎరువులు, రాగి కలిసిన శిలీంధ్ర నాశకాలు, ఫినాయిల్, సబ్బు నీరు దరిచేరనివ్వవద్దు. రాలిన ఆకులను, మొలిచిన గడ్డిని చిన్న పట్టకారుతో ఏరివేయడమే దానికి కావలసిన సేవ.

ఎక్కడి నుంచి తేవాలి?

మీ మిద్దె పిట్టగోడ మీద చూడండి. దాదాపు ప్రతి ఇంటిలోనూ అరచేతి వెడల్పు దొరుకుతుంది. అందులో బొటనవేలంత చాలు. గుట్టల మీది బండల నుంచి, అడవి నుంచి, కోటలు, పాత కట్టడాల గోడల నుంచి పెకలించి తేవడం తగదు. మనం ఒక్క నిమిషంలో ఊడదీసిన ఆ పొర ఏళ్ళ తరబడి పేరుకున్న మట్టితో, దానిలో తలదాచుకున్న చిన్న ప్రాణులతో ఏర్పడినది.

మరొక హెచ్చరిక. ఇంటి లోపలి గోడపై నాచు మొలిస్తే అది అలంకారం కాదు. ఎక్కడో నీరు కారుతోందనడానికి సూచన. ముందు ఆ లీకేజీని సరిచేయించండి. నడిచే దారిలో, వుజూ చేసే చోట పాకుడును ఎప్పటిలాగే తోమి శుభ్రం చేయండి. రాతిపై పెంచుకునే నాచుకు ఒక మూల కేటాయిస్తే సరిపోతుంది.

మా రాయి ఇప్పుడు మూడవ వర్షాకాలం చూస్తోంది. నాచు పాత అంచు వెంట తిరిగి అల్లుకుని, తాతగారి తరం అరగదీసిన నున్నటి భాగం వరకు వచ్చి ఆగిపోయింది. అక్కడ దానికి పట్టు దొరకదు. ఎండ కాసిన ఉదయాలలో దాదీ బాల్కనీలో కుర్చీ వేసుకుని, ఆ నున్నటి చోటును చేత్తో తడుముతూ కూర్చుంటారు. ఎవరైనా నీళ్ళ చెంబుతో అటు రాబోతే వారిస్తారు.